పరీక్ష సాధనాలకు ప్రభుత్వ గ్రాంట్లు – పాలు పోసేవారికి దక్కవలసినదేమిటి?

(ప్రాథమిక పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, టెస్టర్ల సమావేశంలో నాణ్యతా నియంత్రణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం. సమావేశానికి రాలేకపోయిన సభ్యుల కోసం ప్రచురిస్తున్నాము.)



ఈ రోజు మేము చెప్పబోయే విషయం వినగానే "ఇది మనకెందుకు?" అని మీలో కొందరికి తోచవచ్చు. ఆహార భద్రతా చట్టం సరిగా అమలు కావడానికి పనికివచ్చే సాధనాలు, ముఖ్యంగా పాల పరీక్ష సాధనాలు, తయారుచేసే చిన్న కంపెనీలకు ప్రభుత్వం గ్రాంట్లు ఇస్తున్నది. గ్రాంటు తీసుకునేది పట్నంలో ఉండే ఇంజనీరు. పాలు పోసేది పల్లెలో ఉండే మనం. అయినా సంబంధం ఉన్నది. ఆ సాధనం చివరకు వచ్చి కూర్చునేది మన సంఘం బల్ల మీదనే. అది చూపించే అంకెను బట్టే రేపు మన పాలు దించుకోవడమో, తిప్పి పంపడమో జరుగుతుంది. కనుక అది తయారవుతున్నప్పుడే మన మాట దానిలో చేరాలి. తయారై వచ్చిన తరువాత మొరపెట్టుకుని లాభం ఉండదు. మేము చెప్పదలచినది ముఖ్యంగా ఇదే.

చట్టం ఎవరిని అడుగుతుంది?

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. 2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉన్నది. ఆహార వ్యాపారం చేసే ప్రతివారూ ఈ చట్టం కింద రిజిస్టరు చేసుకోవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. అయితే పాడి రైతుకు ఒక మినహాయింపు ఉన్నది. సహకార చట్టం కింద రిజిస్టరు అయిన పాల సంఘంలో సభ్యత్వం ఉండి, పాలన్నీ ఆ సంఘానికే పోసే రైతు విడిగా రిజిస్టరు చేసుకోనక్కరలేదు.

ఈ మినహాయింపు మనకు మేలైనదే. రెండు గేదెలున్న మనిషి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కాని దీనిలోని రెండో అర్థాన్ని కూడా గమనించాలి. సభ్యుణ్ణి అడగని చట్టం, సభ్యుడి తరఫున సంఘాన్ని, సమాఖ్యను అడుగుతుంది. 2020 జనవరి 1 నుంచి పాల శుద్ధి కర్మాగారాలు పచ్చి పాలు దించుకునే దగ్గర మొదలుకొని ప్రతి దశలోనూ ఏయే పరీక్షలు జరపాలో ఆహార భద్రతా సంస్థ పద్ధతి నిర్ణయించింది. కర్మాగారంలో ట్యాంకరు పాలు పరీక్షలో తప్పితే ఆ నష్టం ఏ ఒక్క డబ్బాదీ కాదు. ఆ పూట పాలు పోసిన అందరిదీ. తప్పు ఏ డబ్బాలో ఉన్నదో సంఘం దగ్గరే తెలిస్తే మిగిలినవారి పాలు నిలుస్తాయి. ట్యాంకరులో కలిసిన తరువాత తెలిస్తే అందరి పాలూ పోతాయి. సంఘం దగ్గర జరిగే పరీక్షకు ఉన్న విలువ ఇదే.

అయితే ఆ పరీక్షకు తగిన సాధనం మన దగ్గర ఉన్నదా?

ఉన్న పరీక్షలు, లేని పరీక్షలు

మన సంఘాలలో ముఖ్యంగా చూసేవి రెండు: వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాలు, అంటే ఎస్.ఎన్.ఎఫ్. పాత సభ్యులకు గర్బరు పరీక్ష బాగా గుర్తుండే ఉంటుంది. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు బ్యూటిరోమీటరులో పోసి, మూత బిగించి, తిప్పుడు యంత్రంలో పెట్టి తీస్తే వెన్న పైకి తేలేది. ఇప్పుడు ఎక్కువ సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రం నిమిషంలోపే అంకె చూపిస్తున్నది.

ఈ వెన్న పరీక్షల వెనుక ఒక మంచి కథ ఉన్నది. గర్బరు గారు స్విట్జర్లాండువారు. అదే రోజుల్లో, 1890లో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు ఇలాంటి పరీక్షనే కనిపెట్టారు. అంతకు ముందు అక్కడ పాలకు ధర కట్టేది కొలతను బట్టి, తూకాన్ని బట్టి. చిక్కని పాలు పోసినవాడికీ, నీళ్లు కలిపి పోసినవాడికీ ఒకటే ధర. నిజాయితీపరుడికి నష్టం, మోసగాడికి లాభం. బాబ్‌కాక్ ప్రజల డబ్బుతో నడిచే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేసేవారు. తన పరీక్షకు ఆయన పేటెంటు తీసుకోలేదు. అందువల్ల ఎవరైనా ఆ పరికరాలు తయారుచేయగలిగారు, ఎవరైనా వాడుకోగలిగారు. ప్రజల డబ్బుతో తయారైన పరీక్ష, నిజాయితీగా పాలు పోసే రైతు పక్షాన నిలిచింది. నేటి గ్రాంట్లను కొలవడానికి మనకు ఇంతకంటె మంచి గీటురాయి లేదు.

ఇక ఈనాటి అవసరం చూద్దాం. వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తే నీళ్లు కలిపిన సంగతి తెలుస్తుంది. కాని లాక్టోమీటరును మభ్యపెట్టడానికి యూరియా, పంచదార కలిపేవారు తయారయ్యారు. పులియకుండా ఉండేందుకు సోడా, హైడ్రోజన్ పెరాక్సైడు కలిపేవారు తయారయ్యారు. వీటికి వేరే పరీక్షలు కావాలి.

అసలు దేశంలో పాల పరిస్థితి ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి ఆహార భద్రతా సంస్థ 2018 మే నుంచి అక్టోబరు వరకు పెద్ద సర్వే చేయించింది. 1,103 పట్టణాలలో 6,432 నమూనాలు తీసి 13 రకాల కల్తీలకు, 3 రకాల హానికర శేషాలకు పరీక్షించారు. దేశంలో పాలన్నీ కల్తీయేనని పత్రికలలో వచ్చే మాట నిజం కాదని తేలింది. ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12 నమూనాలు మాత్రమే. అయితే ఆ 12లో 9 తెలంగాణవి. ఈ మాట మన ప్రాంతంవారికి చేదుగా ఉంటుంది. అయినా చెప్పక తప్పదు.

మనం ఎక్కువగా ఆలోచించవలసిన అంకెలు వేరే ఉన్నాయి. 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ ఎం1 అనే విషపదార్థం పరిమితికి మించి ఉన్నది. 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందుల శేషాలు పరిమితి దాటాయి. ఈ రెండూ ఎవరో దొంగతనంగా కలిపినవి కావు. మొదటిది బూజు పట్టిన దాణా నుంచి వస్తుంది. రెండవది పొదుగువాపు వంటి జబ్బులకు సూది వేయించి, డాక్టరు గారు ఆపమన్న రోజులు పూర్తి కాకముందే పాలు పోస్తే వస్తుంది. మోసం చేసే ఉద్దేశమే లేని మనిషి డబ్బాలో కూడా ఇవి ఉండవచ్చు. కంటికి కనిపించవు, నాలుకకు తెలియవు. కాచినా అఫ్లటాక్సిన్ పోదు. ఆ సర్వేలో పచ్చి పాల నమూనాలు 3,825 ఉంటే వాటిలో 141కి, శుద్ధి చేసిన పాల నమూనాలు 2,607 ఉంటే వాటిలో 227కి ఈ దోషం కనిపించింది. పాశ్చరైజు చేస్తే సరిపోతుందనుకోవడానికి వీలులేదు.

అఫ్లటాక్సిన్ ఎం1కు చట్టం పెట్టిన పరిమితి కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము. అంటే గ్రాములో 20 లక్షల వంతు. 10,000 కిలోల ట్యాంకరు మొత్తంలో 5 మిల్లీగ్రాములకు మించరాదన్న మాట. ఇంత సూక్ష్మమైన దాన్ని పట్టడానికి పెద్ద ప్రయోగశాలల్లో ఉండే యంత్రాల ఖరీదు లక్షలలో ఉంటుంది. వాటిని నడపడానికి చదువుకున్న రసాయన శాస్త్రజ్ఞులు కావాలి. నాలుగు వందల లీటర్లు సేకరించే సంఘం అటువంటి యంత్రం కొనగలదా? కొనలేదు. చట్టం అడిగే పరీక్షకూ, సంఘం చేయగల పరీక్షకూ మధ్య ఉన్న ఈ లోటును పూడ్చే చవక సాధనాల కోసమే గ్రాంట్లు.

ప్రభుత్వం ఎందుకు డబ్బివ్వాలి?

"కంపెనీ లాభం కోసం పనిచేస్తుంది కదా, దానికి ప్రభుత్వ సొమ్మెందుకు?" అని ఒక కార్యదర్శి గారు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

కొత్త పరీక్ష సాధనం తయారుచేయాలంటే మొదటి రెండు మూడేళ్లు ఖర్చే తప్ప రాబడి ఉండదు. పనిచేస్తుందో లేదో తెలియని వస్తువు మీద బ్యాంకు అప్పివ్వదు. పెద్ద కంపెనీలు పెద్ద కర్మాగారాలకు అమ్ముకోగల పెద్ద యంత్రాలే చేస్తాయి. పల్లె సంఘానికి కావలసినది చవక సాధనం, దానిలో లాభం తక్కువ. పైగా మంచి పరీక్ష వల్ల వచ్చే మేలు సాధనం కొన్నవారికే కాదు, ఆ పాలు తాగే పిల్లలందరికీ చెందుతుంది. ఇలా మేలు అందరిదీ, ఖర్చు ఒకరిదీ అయిన చోట ప్రభుత్వం చేయి వేయకపోతే పని మొదలే కాదు.

ఈ పద్ధతికి బయటి దేశాలలో అనుభవం ఉన్నది. అమెరికాలో 1982లో ఒక చట్టం చేసి, పెద్ద ప్రభుత్వ శాఖలు తమ పరిశోధన డబ్బులో కొంత భాగం చిన్న కంపెనీలకే కేటాయించాలని నిర్ణయించారు. మొదటి దశలో ఆలోచన సాధ్యమా కాదా చూడడానికి కొద్ది డబ్బు. సాధ్యమేనని తేలితే రెండో దశలో తయారీకి ఎక్కువ డబ్బు. మూడో దశ అమ్మకం, దానికి ఈ పథకం కింద డబ్బు ఉండదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2021లో చట్టాల అమలుకు పనికివచ్చే సాధనాల కోసమే ఒక విడత గ్రాంట్లు ప్రకటించింది. మొదటి దశకు లక్ష డాలర్ల వరకు, రెండో దశకు పది లక్షల డాలర్ల వరకు. అక్కడ మెచ్చుకోదగిన సంగతి ఒకటున్నది. ముందుగా నియంత్రణ శాఖలు "మా సమస్య ఇదీ" అని చెప్పాయి. ఆ తరువాతనే కంపెనీలు దానికి పరిష్కారంతో ముందుకు వచ్చాయి. ఉన్న సాధనానికి అవసరం వెతకడం కాక, ఉన్న అవసరానికి సాధనం వెతకడం జరిగింది.

మన దేశంలో ఉన్న గ్రాంట్లు

మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2005లో చిన్న పరిశ్రమల నూతన పరిశోధనలకు ఒక పథకం ప్రారంభించింది. 2012లో ఈ పనుల కోసమే బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. బైరాక్ వారి "బిగ్" గ్రాంటు కింద మంచి ఆలోచనకు 18 నెలల వరకు, 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు. మన వద్ద హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీలో ఉన్న ఐ.కె.పి. నాలెడ్జ్ పార్కు ఈ గ్రాంటు నడిపే భాగస్వామి సంస్థలలో ఒకటి.

సైన్సు, టెక్నాలజీ శాఖ వారి "ప్రయాస్" పథకం కింద మొదటి నమూనా యంత్రం చేయడానికి 10 లక్షల వరకు ఇస్తారు. రాష్ట్రీయ కృషి వికాస యోజనలోని రఫ్తార్ విభాగం కింద ఆలోచన దశలో 5 లక్షల వరకు, ఆ తరువాతి దశలో 25 లక్షల వరకు వ్యవసాయ, పాడి రంగాల కొత్త కంపెనీలకు సాయం ఏర్పాటు చేశారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్, నార్మ్ సంస్థలు ఇలాంటి కంపెనీలకు శిక్షణ, చేయూత ఇస్తున్నాయి. 2021-22 నుంచి నాలుగేళ్లకు 945 కోట్లతో మొదలైన స్టార్టప్ ఇండియా విత్తన నిధి కింద నమూనాకు, పరీక్షలకు 20 లక్షల వరకు గ్రాంటు ఏర్పాటు చేశారు.

పశుసంవర్ధక, పాడి శాఖ కూడా 2019 సెప్టెంబరులో ఒక పోటీ ప్రకటించింది. పాల కల్తీని నివారించడం ఆ పోటీలోని అంశాలలో ఒకటి. గెలిచిన కంపెనీకి 10 లక్షలు, రెండో స్థానానికి 7 లక్షలు. 2021 నవంబరు 26న, జాతీయ పాల దినం నాడు, రెండో విడత పోటీ ప్రకటించారు.

గ్రాంటు అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. అయితే డబ్బంతా ఒకేసారి చేతికి రాదు. పని దశలుగా విడగొట్టి, ఒక దశ పూర్తయినదని చూపిన మీదటనే తరువాతి వాయిదా విడుదల చేస్తారు. కనుక క్షేత్రంలో పరీక్షించి చూపవలసిన దశ వచ్చేసరికి ఆ కంపెనీ పాల సంఘం కోసం వెతుక్కుంటూ వస్తుంది. అప్పుడు మనకు మాట చెల్లే సమయం వచ్చినట్టు.

ప్రయోగశాలకూ పల్లెకూ మధ్య

మన శాస్త్రజ్ఞులు వెనుకబడి లేరు. రాజస్థాన్‌లోని పిలానీలో ఉన్న ప్రభుత్వ ఎలక్ట్రానిక్ పరిశోధనా సంస్థ పాలలో యూరియా, డిటర్జెంటు, సోడా, బోరిక్ ఆమ్లం వంటివి పట్టే "క్షీర స్కానరు" తయారుచేసింది. మన దగ్గర హైదరాబాదు ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ శివ్ గోవింద్ సింగ్ గారి బృందం 2018లో ఒక పద్ధతి ప్రకటించింది. ఆమ్ల గుణాన్ని బట్టి రంగు మారే సన్నని పట్టీని పాలలో ముంచి, ఆ రంగును మామూలు సెల్‌ఫోను కెమెరాతో చూసి కల్తీని గుర్తించే పద్ధతి అది. వారి ప్రయోగాలలో 99.71 శాతం సరిగా తేలిందని ప్రకటించారు.

వీటికి అభినందనలు. అయితే ప్రయోగశాల బల్ల వేరు, మన సంఘం బల్ల వేరు. తెల్లవారుజామున ఐదున్నరకు వరుసలో ఎనభై మంది నిలబడి ఉంటారు. కరెంటు వచ్చీ పోయీ ఉంటుంది. వేసవిలో పాలు గోరువెచ్చగా వస్తాయి, చలికాలంలో వెన్న గడ్డకడుతుంది. ఒకరు గేదె పాలు, ఒకరు ఆవు పాలు, మరొకరు రెండూ కలిపి పోస్తారు. ఈనిన కొత్తలో పాలు వేరు, వట్టిపోయే ముందు పాలు వేరు. టెస్టరుకు ఒక్కో డబ్బాకు దొరికేది అరనిమిషం. ఇవన్నీ తెలియకుండా చేసిన సాధనం ప్రదర్శనలో బహుమతి తెచ్చుకోవచ్చు గాని, పల్లెలో పట్టుమని పది రోజులు నిలవదు.

రెండో చిక్కు డబ్బుది. గ్రాంటు నమూనా వరకే తీసుకువస్తుంది. అమెరికా పథకంలో చెప్పినట్టే, మూడో దశకు గ్రాంటు లేదు, కొనేవాడు కావాలి. కొనేవాడు లేకపోతే నమూనా బీరువాలోనే ఉంటుంది, ప్రజల డబ్బు వృథా అవుతుంది. పాల పరీక్ష సాధనం కొనేవాడెవరు? మనమే.

ఇక్కడ రెండో గ్రాంటు సంగతి చెప్పాలి. జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం 2014లో మొదలైంది. 2021లో దానిని మార్చి, పాల పరీక్ష సాధనాలకు, సంఘాల దగ్గర శీతలీకరణకు ప్రాధాన్యం ఇచ్చారు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం మరో 1,000 కోట్లు కలిపి మొత్తం 2,790 కోట్లు చేసింది. ఈ సాయం సహకార సమాఖ్యలకు, యూనియన్లకు వస్తుంది. అంటే ఒక చేత్తో ప్రభుత్వం సాధనం తయారుచేసేవారికి డబ్బిస్తున్నది, రెండో చేత్తో సాధనం కొనేవారికి ఇస్తున్నది. ఈ రెండు చేతులూ కలిసేది సంఘంలోనే. ఏ సాధనం మన దగ్గర నిలిచిందో సంఘాలు లెక్కలతో చెబితే, సమాఖ్య దాన్నే కొనమని అడగగలదు. సంఘాలు చెప్పకపోతే కంపెనీ ప్రకటన చూసి కొనవలసి వస్తుంది.

99 శాతం సరైనది అయితే చాలా?

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయానికి వస్తున్నాము. దయచేసి ఈ లెక్క శ్రద్ధగా వినండి.

ఒక సాధనం నూటికి 99 సార్లు సరిగా చెబుతుందనుకుందాం. వినడానికి బాగున్నది. మన పరిధిలో 1,000 డబ్బాలు పరీక్షించామనుకోండి. వాటిలో నిజంగా దోషమున్నవి 10, మంచివి 990. దోషమున్న పదింటినీ సాధనం పట్టేసింది. మంచివి 990లో నూటికి ఒకటి చొప్పున పొరపాటు పడితే, సుమారు 10 మంచి డబ్బాలను కూడా చెడ్డవని చూపిస్తుంది. మొత్తం పక్కన పెట్టినవి 20. వాటిలో సగం నిర్దోషులవి!

సాధనం చెడ్డదని కాదు. దోషం అరుదుగా ఉన్న చోట ఎంత మంచి పరీక్షకైనా ఈ ఇబ్బంది తప్పదు. కాని ఊళ్లో ఏం జరుగుతుంది? "ఫలానా ఆమె పాలు మిషను పట్టేసిందట" అన్న మాట సాయంత్రంలోగా ఊరంతా తిరుగుతుంది. ఒక పూట పాల డబ్బులు పోతే రేపు సంపాదించుకోవచ్చు. పోయిన పేరు తిరిగి రాదు. ఒంటరి ఆడమనిషి, ఒక్క గేదె మీద బతికే మనిషి, సంఘానికి పాలు పోయడమే మానుకోవచ్చు. ఆమె మానుకుంటే ఏ పరీక్షా, ఏ చట్టమూ లేని చోట అమ్ముకుంటుంది. అప్పుడు చట్టానికీ లాభం లేదు, సంఘానికీ లాభం లేదు.

కాబట్టి కొత్త సాధనాన్ని వద్దనకూడదు. షరతులతో రమ్మనాలి. మా విభాగం సూచించే షరతులు ఇవి.

ఒకటి: మన పాల మీద, మన ఊళ్లో, కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక చలికాలం పరీక్షించాలి. గేదె పాలకు, ఆవు పాలకు, కలిపిన పాలకు ఫలితాలు విడివిడిగా చూపాలి. "మొత్తం మీద ఇంత శాతం సరైనది" అంటే చాలదు. చెడ్డపాలను ఎన్నిటిని వదిలేసింది, మంచిపాలను ఎన్నిటిని చెడ్డవన్నది, ఈ రెండూ వేరువేరుగా చెప్పాలి.

రెండు: అంకె పాలు పోసే మనిషి కళ్ల ముందు కనబడాలి, తెలుగులో కనబడాలి. టెస్టరు వైపు మాత్రమే తిరిగి ఉండే తెర పనికిరాదు.

మూడు: చవక పరీక్ష అనుమానం చెప్పడానికే, తీర్పు చెప్పడానికి కాదు. దోషం చూపిన డబ్బా నుంచి సభ్యుడి ఎదుటనే రెండు నమూనాలు తీసి సీలు వేయాలి. ఒకటి ప్రయోగశాలకు, రెండోది సంఘంలో చల్లగా భద్రానికి. ప్రయోగశాల ఫలితం వచ్చేవరకు ఆ పేరు బోర్డు మీద రాయరాదు, నలుగురిలో అనరాదు.

నాలుగు: మన తూకపు యంత్రానికి తూనికలు కొలతల శాఖవారు ఏటా ముద్ర వేస్తారు. 2009 నాటి చట్టం దానికి ఆధారం. పరీక్ష సాధనానికి కూడా అంతటి క్రమం ఉండాలి. త్వరిత పరీక్ష కిట్లకు ఆహార భద్రతా సంస్థ ఆమోదం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. ఆ ఆమోదం ఉన్నదా అని ముందు అడగండి. సాధనాన్ని ఎన్నాళ్లకొకసారి సరిచూడాలి, ఎవరు సరిచూస్తారు, చెడిపోతే ఎన్ని రోజుల్లో వస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

అయిదు: యంత్రం ధర ఒక్కటే చూడకండి. ప్రతి పరీక్షకూ వాడి పారేసే పట్టీ ధర అడగండి. యంత్రం ఉచితంగా ఇచ్చి పట్టీల మీద రాబట్టుకునే బేరం మనకు వద్దు. పట్టీ మరొక కంపెనీ దగ్గర కూడా దొరికేటట్టు ఉంటే మేలు. పేటెంటు పట్టకుండా తన పరీక్షను లోకానికి ఇచ్చిన బాబ్‌కాక్ గారిని ఇక్కడ మరోసారి తలచుకోవాలి.

ఆరు: యంత్రంలో నమోదయ్యే లెక్కలు సంఘానివి. ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న ఎంత, దోషం ఎప్పుడు కనిపించింది అన్న వివరాలు సభ్యుల అనుమతి లేకుండా బయటివారికి ఇవ్వరాదు.

ఈ షరతులకు ఒప్పుకునే కంపెనీకి మన సంఘాల తలుపులు తెరిచి ఉంచుదాము. ప్రజల డబ్బు తీసుకున్నవారిని ప్రజల తరఫున అడగడంలో మొహమాటం అక్కరలేదు.

సంఘాలు ఇప్పుడు చేయవలసినవి

కొత్త సాధనాలు వచ్చేవరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. మొదటగా, ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టి, పాల పరీక్షలో ఎదురయ్యే ఇబ్బందులు రాయాలి. పాలు ఎప్పుడు తిరిగి వచ్చాయి, ఏ కారణం చెప్పారు, ఏ నెలలో ఎక్కువ, యంత్రం ఎన్నిసార్లు మొరాయించింది. ఈ పుస్తకాలు మాకు పంపితే, "మా సమస్యలు ఇవీ" అని శాఖలకు, శిక్షణ సంస్థలకు మేము అందజేయగలము. సమస్యను సరిగా చెప్పగలిగినవారికే సరైన సాధనం దక్కుతుంది.

రెండవది, దాణా. అఫ్లటాక్సిన్‌ను పట్టడం కష్టం, నివారించడం తేలిక. వేరుశెనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న తడి తగలకుండా చెక్కబల్ల మీద, గోడకు ఎడంగా పెట్టండి. బూజు వాసన వస్తే ఖరీదు చూసుకోకుండా పారవేయండి. మంచి దాణాలో కలిపి పెట్టవద్దు. బూజు దాణా మానిన కొద్ది రోజుల్లోనే పాలలో ఆ దోషం తగ్గిపోతుంది.

మూడవది, మందు. సూది వేయించిన రోజు, ఎన్ని రోజులు పాలు ఆపాలో డాక్టరు గారి చేత పాస్‌బుక్కులోనే రాయించండి. ఆ రోజుల్లో పాలు పోయకపోవడం నేరం కాదు, మర్యాద. పొదుగుకు మందు వేసిన పాలతో తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదన్న సంగతి మన ఇళ్లలో ఆడవారికి ఎప్పటినుంచో తెలుసు.

చివరగా, మన పిల్లల సంగతి. పాల సంఘం డబ్బుతో చదువుకుని ఇంజనీర్లు, బయోటెక్నాలజీ పట్టభద్రులు అయినవారు మీ ఊళ్లలో ఉన్నారు. ఈ గ్రాంట్లు పట్నం పిల్లలకే అని రాసి లేదు. తెల్లవారుజామున డబ్బాల వరుస ఎలా ఉంటుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? వారికి ఈ పత్రిక చూపించండి. ఆసక్తి ఉన్నవారు మమ్మల్ని కలిస్తే, పరీక్షించి చూసుకోవడానికి సంఘాన్ని చూపించే బాధ్యత మేము తీసుకుంటాము.

మంచి సాధనం నిజాయితీగా పాలు పోసేవారికి రక్షణ. తొందరపడి పెట్టిన సాధనం వారికే శిక్ష. ఈ తేడా తేల్చేది గ్రాంటు ఇచ్చే ఆఫీసు కాదు, సాధనం ముందు నిలబడి "ఇంకోసారి చూడండి" అని అడిగే సభ్యులు. అలా అడిగేవారికి ప్రతి సంఘంలోనూ అండగా నిలవవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.